మీటియర్ ఇచ్చి టూరింగ్ బండి: ఇంజిన్ సంగతి తర్వాత, ముందు సీటు చూడండి

ప్రశ్న: మాది హనుమకొండ. వయసు 44, ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. 2021లో కొన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 మీద ఇప్పటికి 38 వేల కిలోమీటర్లు తిరిగాను. సెలవు దొరికితే మా ఆవిడా నేనూ రామప్ప, బొగత, కాళేశ్వరం, జోడేఘాట్ ఇలా వెళ్తుంటాం. వంద కిలోమీటర్లు దాటగానే నాకు నడుము పట్టేస్తుంది. వెనక ఆమె ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ 'అమ్మా' అంటుంది. చీర కట్టుకున్న రోజు ఒకవైపే కూర్చుంటుంది. బండి మార్చేద్దామని హిమాలయన్ 450, సుజుకి వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్, కేటీఎం 390 అడ్వెంచర్, సూపర్ మీటియర్ 650 చూశాను. ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు. షోరూంలో నా బండికి 1 లక్షా 5 వేలు ఇస్తామన్నారు, ఏడాది కింద ఇంకా ఎక్కువ చెప్పారు. ఫైనాన్స్ ఎప్పుడో తీరిపోయింది. చేతి నుంచి రెండున్నర లక్షల దాకా పెట్టగలను. వచ్చే ఏడాది లద్దాఖ్ పోవాలని కూడా ఉంది. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకుడు

సమాధానం: ముందు తేల్చేసి, తర్వాత కారణాలు చెప్తాం. సూపర్ మీటియర్ మీకు పనికిరాదు. కేటీఎం మంచి బండే, కానీ మీరు అడిగే పని దానిది కాదు. మిగిలిన రెండింట్లో, ఇద్దరూ కలిసి తిరిగేదే ఎక్కువ కాబట్టి హిమాలయన్ 450 ముందుంటుంది. కాకపోతే మీ కాళ్లు నేలకు ఆనాలి, మీ ఆవిడ ఇబ్బంది లేకుండా ఎక్కి దిగగలగాలి. ఈ రెండింట్లో ఏది కుదరకపోయినా వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్ తీసుకోండి. లద్దాఖ్‌ను మాత్రం ఈ లెక్కలోకి రానివ్వకండి. పది రోజుల ప్రయాణం కోసం పదేళ్లు వాడే బండిని ఎంచుకోవడం తలకిందుల పని.

నొప్పి ఎక్కడి నుంచి వస్తోందో తెలిస్తే సగం బండ్లు వాటంతటవే పక్కకు పోతాయి. మీ మీటియర్ లాంటి క్రూజర్ మీద కాళ్లు ముందుకు చాపి కూర్చుంటాం. చూడ్డానికి దర్జాగా ఉంటుంది గానీ, ఒంటి బరువంతా తోక ఎముక మీదే పడుతుంది. గతుకు వచ్చినప్పుడు ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడదామన్నా కుదరదు, ఎందుకంటే పాదాలు మనిషి కిందలేవు, ముందున్నాయి. కాబట్టి ప్రతి దెబ్బా నేరుగా నడుముకే. వెనక కూర్చునేవాళ్ల పరిస్థితి ఇంకా అధ్వానం. వాళ్లు దాదాపు వెనక చక్రం ఇరుసు మీదే ఉంటారు. ఇద్దరి బరువుకు షాకబ్జర్ ముందే సగం కుంగిపోయి ఉంటే, బ్రేకర్ దగ్గర మిగిలిన సగం కూడా అయిపోయి 'ఠక్' మని అడుగుకు తగులుతుంది. ఆమె 'అమ్మా' అనేది అప్పుడే.

దీన్ని బట్టి సూపర్ మీటియర్ లెక్క చూడండి. ముందు గాలి ఆపే అద్దం, వెనక ఆనుకునే దిండు ఉన్న వేరియంట్‌ను టూరింగ్ బండిగా చూపిస్తారు. 648 సీసీ, రెండు సిలిండర్లు, 47 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తి, హైవే మీద దానికి తిరుగులేదు. అయితే వెనక షాకబ్జర్ కదిలేది 101 మిల్లీమీటర్లే. నేల నుంచి ఎత్తు 135 మి.మీ., మీ మీటియర్‌కు 170 ఉంది. బరువు 241 కేజీలు, మీ బండి కన్నా 50 కేజీలు ఎక్కువ. కాళ్లు అక్కడా ముందుకే. అంటే డబ్బు పెట్టి అదే నొప్పిని పెద్ద ఇంజిన్‌తో కొనుక్కున్నట్టు. పైగా ఇద్దరు కూర్చుని మన ఊళ్లలో ఎవరికి వాళ్లు పోసుకున్న బ్రేకర్లు ఎక్కిస్తే కింద గీసుకుంటుంది.

షోరూంకి వెళ్లే ముందు ఒక ఆదివారం మీ పాత బండికే కేటాయించండి. 38 వేలు తిరిగిన వెనక షాకబ్జర్లు అలిసిపోయి ఉండొచ్చు. సీటు వెనక భాగాన్ని రెండు చేతులతో గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒక్కసారి పైకి లేచి ఆగిపోతే బాగున్నట్టు, రెండు మూడుసార్లు ఊగితే లోపలి ఆయిల్ పని అయిపోయినట్టు. రాడ్ చుట్టూ ఆయిల్ జిడ్డు ఉంటే అనుమానమే లేదు. బాగున్నాయనుకుంటే, వాటికి ఆరు మెట్ల ప్రీలోడ్ (స్ప్రింగును ముందే ఎంత బిగించాలో పెట్టుకునే ఏర్పాటు) ఉంటుంది, సి-స్పానర్‌తో తిప్పేది. చాలామంది షోరూం నుంచి వచ్చిన మెట్టు మీదే ఏళ్ల తరబడి నడిపేస్తారు. ఇద్దరు వెళ్లేటప్పుడు రెండు వైపులా ఒకే మెట్టు వచ్చేలా ఐదుకో ఆరుకో పెట్టి, వెనక టైరుకు మాన్యువల్‌లో వెనక మనిషితో అని ఇచ్చిన గాలి కొట్టించి ఒకసారి రామప్ప వెళ్లి రండి. నొప్పి సగానికి తగ్గితే కొత్త షాకబ్జర్ల జత, సీటు ఫోమ్ మార్చుకోవడంతో ఇంకో రెండేళ్లు లాగొచ్చు. తగ్గకపోతే కూర్చునే తీరే కారణం, అప్పుడు బండి మార్చడంలో న్యాయం ఉంది.

ఇక హిమాలయన్ 450. 452 సీసీ, నీళ్లతో చల్లబడే ఇంజిన్, 40 పీఎస్, 40 ఎన్ఎం టార్క్ (చక్రాన్ని తిప్పే బలం), ఆరు గేర్లు, 17 లీటర్ల ట్యాంకు, 196 కేజీలు. బరువులో మీ మీటియర్‌కు ఐదు కేజీలే తేడా. ముందూ వెనకా చక్రం 200 మి.మీ. కదులుతుంది, నేల నుంచి ఎత్తు 230. మీకూ ఆమెకూ కావలసింది ఈ 200 మి.మీ. ములుగు దాటాక పస్రా నుంచి తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం పోయే దారిలోనైనా, భూపాలపల్లి వైపు లారీలు తొక్కి తొక్కి గాడులు పడిన రోడ్డు మీదైనా తేడా మొదటి పది నిమిషాల్లోనే తెలుస్తుంది.

చిక్కంతా ఎత్తుతో. మీ బండి సీటు 765 మి.మీ., హిమాలయన్‌ది 825 నుంచి 845 మధ్య మార్చుకోవచ్చు. విడిగా అమ్మే పొట్టి సీటు వేస్తే 805కి దిగుతుంది. మీ ఎత్తు కన్నా కాలి లోపలి పొడవు ముఖ్యం. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య ఒక గట్టి పుస్తకాన్ని పైకి ఆనేలా పెట్టి, దాని పై అంచు నుంచి నేలకు టేపుతో కొలవండి. 75 సెం.మీ. పైన ఉంటే పొట్టి సీటు మీద రెండు పాదాల ముందు భాగం ఆనుతుంది, అది చాలు. 72 కన్నా తక్కువైతే ఒక కాలు మునివేళ్ల మీదే నిలబడాలి. ఒక్కరే ఉన్నప్పుడు అదీ సరిపోతుంది. వెనక మనిషి ఎక్కేటప్పుడు మాత్రం సరిపోదు. ఎందుకంటే ఆమె ఎడమ ఫుట్‌రెస్టు మీద కాలు పెట్టి లేచిన ఆ రెండు క్షణాలు, ఆమె బరువు, బండి బరువు కలిసి మీ ఎడమ కాలి మీదికే వస్తాయి. ఎత్తు బండ్లు నిలబడి ఉండగా పడిపోయేది ఎక్కువగా ఇక్కడే.

చీర విషయం షోరూంలో ఎవరూ అడగరు గానీ, మీ కేసులో అసలు పరీక్ష అదే. ఒకవైపు కూర్చుంటే బరువు ఎడమకు పడుతుంది, ఎత్తు సీటు మీద ఆ లాగుడు ఇంకా తెలుస్తుంది. చీర రక్షణకు వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే గార్డు ఉండాలని కేంద్ర మోటారు వాహన నిబంధన 123 చెప్తోంది. పెట్టెలు తగిలించే ఇనుప ఫ్రేమ్ బిగించేటప్పుడు యాక్సెసరీ షాపు వాళ్లు ముందు తీసి పడేసేది ఆ గార్డునే. అందుకని ఎడమ వైపు పెట్టె పెట్టించకండి. పది కేజీల లోపు మెత్తటి బ్యాగును వెనక ర్యాక్ మీద, వాన కోటు, టూల్స్ ట్యాంకు మీద బ్యాగులో పెడితే ఇద్దరికి రెండు రోజులకు సరిపోతుంది. దూరం వెళ్లే రోజు ఆమె చుడీదార్‌లో రెండు వైపులా కాళ్లు వేసుకుని కూర్చోగలిగితే బండికీ మంచిది, ఆమె నడుముకూ మంచిది. అప్పుడు రెండు వైపులా బ్యాగులు వేసుకోవచ్చు. సైలెన్సర్ కుడి వైపు ఉంటుంది కాబట్టి ఆ వైపు బ్యాగుకు అడ్డంగా ఫ్రేమ్ ఉండాల్సిందే, లేకపోతే కాళేశ్వరం చేరేసరికి బ్యాగు అడుగు కరిగి ఉంటుంది.

బండి తెచ్చుకున్నాక ప్రీలోడ్ సరిచేయించుకోండి. వెనక ఇరుసు నడిమి నుంచి నిట్టనిలువుగా పైన సీటు కింద ఒక చోట టేపు ముక్క అంటించండి. ఇద్దరు పట్టుకుని వెనక చక్రం గాల్లో లేచేలా ఎత్తినప్పుడు ఇరుసు నుంచి ఆ టేపు ముక్క దాకా ఒక కొలత, మీరిద్దరూ సామానుతో కూర్చున్నప్పుడు మూడో మనిషి తీసిన కొలత ఇంకొకటి. ఈ రెంటి తేడా మొత్తం కదలికలో సుమారు మూడో వంతు, అంటే 60 నుంచి 70 మి.మీ. మధ్య ఉండాలి. 90 వస్తే స్ప్రింగు వదులుగా ఉన్నట్టు. సర్వీస్ సెంటర్‌లో ప్రీలోడ్ బిగించమనండి. కానీ అలా బిగించాక మీరు ఒక్కరే ఎక్కితే సీటు ఇంకాస్త ఎత్తుగా అనిపిస్తుంది, కాలు అందడం తగ్గుతుంది. రోజూ ఆఫీసుకు ఒక్కరే వెళ్లేవాళ్లయితే ఈ ఇబ్బందిని ముందే లెక్కలో వేసుకోండి.

చక్రాల విషయంలో బేరం వద్దు. హిమాలయన్‌కు ముందు 21, వెనక 17 అంగుళాల స్పోక్ చక్రాలు. మొదట్లో అన్నీ ట్యూబ్ టైర్లే, తర్వాత ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు వచ్చాయి. అవే అడిగి తీసుకోండి. తాడ్వాయి అడవిలో ట్యూబ్ పంక్చర్ అయితే చక్రం విప్పాలి, టైరు ఊడదీయాలి, 21 అంగుళాల ట్యూబ్ దొరకాలి. పస్రా పంక్చర్ షాపులో అది ఉంటుందన్న నమ్మకం పెట్టుకోకండి. ట్యూబ్‌లెస్ అయితే ఒక రీమర్ (పంక్చర్ రంధ్రాన్ని సాఫు చేసే పనిముట్టు), నాలుగైదు రబ్బరు స్ట్రిప్పులు, చిన్న గాలి పంపు ఉంటే పావుగంటలో కదలొచ్చు.

నీళ్ల ఇంజిన్ గురించి రెండు మాటలు. మీటియర్‌కు రేడియేటర్ లేదు, కాబట్టి మీకు ఈ అలవాటు కొత్త. మే నెలలో హనుమకొండ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఫ్యాన్ తిరిగి వేడి గాలి మోకాళ్లకు కొడుతుంది. అది లోపం కాదు. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) స్థాయిని ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పక్క డబ్బాలో చూడాలి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే చెయ్యి కాలుతుంది. వర్షాకాలం బురద రేడియేటర్ రెక్కల్లో ఎండిపోతే గాలి ఆడదు. వాటర్ సర్వీసింగ్ కుర్రాడు ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొడితే రెక్కలు వంగిపోతాయి, ఇంట్లో పైపు నీళ్లతో కడగడమే మేలు.

వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్‌ను చిన్న బండని తీసేయకండి. 249 సీసీ, ఆయిల్ కూలింగ్, 26.5 పీఎస్. బరువు 167 కేజీలే, ఈ నాలుగింట్లో అన్నిటికన్నా తేలిక. 19, 17 అంగుళాల అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్. సీటు 835 మి.మీ. కాగితం మీద హిమాలయన్ కింది మెట్టు కన్నా ఎత్తే, కానీ బరువు దాదాపు 30 కేజీలు తక్కువ కాబట్టి ఒక పక్కకు ఒరిగినా నిలబెట్టుకోగలరు. రేడియేటర్ బాధ లేదు. లోటు ఎక్కడంటే, దాని పూర్తి శక్తి ఇంజిన్ నిమిషానికి 9,300 చుట్లు తిరిగినప్పుడే వస్తుంది. ఇద్దరు మనుషులు, సామాను కలిపి 160 కేజీలనుకుంటే అది దాదాపు బండి బరువంత. జనగామ వైపు నాలుగు వరుసల రోడ్డు మీద లారీని దాటాలంటే ఒక గేరు, ఒక్కోసారి రెండు గేర్లు తగ్గించి గట్టిగా తిప్పాలి. 80–90 మీద హాయిగా పోతుంది. నాలుగు వరుసల హైవే మీద ద్విచక్ర వాహనాలకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ వేగం ఎలాగూ 80 కిలోమీటర్లే. కాబట్టి 120 మీద ఏ బండి బాగుంటుందన్న చర్చ టీ కొట్టు దగ్గర చేసుకోవాల్సిందే తప్ప మీ నిర్ణయానికి పనికిరాదు. కేటీఎం సంగతీ అంతే. చురుకైన ఇంజిన్, మంచి బ్రేకులు ఉన్నాయి, కానీ తిప్పుతూ నడిపేవాడికి నచ్చే బండి అది. వెనక కూర్చునే మనిషే ప్రధానమైనప్పుడు దానికి మొగ్గక్కర్లేదు.

టెస్ట్ రైడ్ అంటే షోరూం చుట్టూ ఒక రౌండ్ కాదు. మీ ఆవిడను వెంట తీసుకెళ్లండి, ఆమె చీరలోనే రావాలి. ఒక బ్యాగులో ఐదు లీటర్ల నీళ్ల డబ్బాలు రెండు పెట్టుకోండి, పది కేజీల సామాను అయింది. ముందు ఏటవాలుగా ఉన్నచోట బండి నిలిపి ఆమెను ఎక్కి దిగమనండి, మూడుసార్లు. తర్వాత మీరు సీటు మీద కూర్చుని ఉండగానే బండిని కాళ్లతో వెనక్కి నెట్టి చూడండి. ఇరుకు సందులో యూ-టర్న్, 20 వేగంతో వరసగా నాలుగు బ్రేకర్లు, ఆపై కాజీపేట దాటి హైవే మీద పావుగంట. దిగాక మీ అభిప్రాయం కన్నా ముందు ఆమెను అడగండి. ఆమె మోకాళ్లు మరీ ముడుచుకుపోతున్నాయంటే ఏ సీటు కవరూ దాన్ని బాగుచేయదు.

(యాసంగి, వానాకాలం కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. వాటి మీద 200 మి.మీ. షాకబ్జరూ ఏబీఎస్సూ కూడా కాపాడవు, గింజలు టైరు కింద దొర్లుతాయి. హ్యాండిల్ తిప్పకుండా, బ్రేకు కొట్టకుండా ముందే నెమ్మదించి నేరుగా దాటడమే.)

లద్దాఖ్ మాట ఎత్తారు కాబట్టి ఒక లెక్క. మనాలీ నుంచి లేహ్ దారిలో టాండి బంకు దగ్గర తర్వాతి బంకు 365 కిలోమీటర్లని రాసిన బోర్డు రైడర్లందరికీ తెలిసిందే. వీ-స్ట్రామ్ ట్యాంకు 12 లీటర్లు, లీటరుకు 30 వచ్చినా 360. ఇద్దరితో కనుమలెక్కితే 30 రాదు, ఐదు లీటర్ల క్యాన్ వెంట ఉండాలి. 5 వేల మీటర్ల పైన గాలి పీడనం సగమే కాబట్టి ఇంజిన్ శక్తి కూడా దాదాపు ఆ వంతుకు పడిపోతుంది. ఒక్కరే వెళ్తే వీ-స్ట్రామ్ చాలు, ఇద్దరయితే హిమాలయన్ మెరుగు.

ఇప్పుడు డబ్బు. మీ బండికి ధర తగ్గించి చెప్పారని షోరూం వాళ్లను తప్పుపట్టకండి, కారణం ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బండ్లకు జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. కొత్త మీటియరే చవకైతే పాతదాని ధర పడిపోక తప్పదు. 350 సీసీ దాటిన వాటికి మాత్రం సెస్సుతో కలిపి 31 శాతం ఉన్నది 40 అయింది. అంటే తగ్గిన బండి అమ్మి, పెరిగిన బండి కొంటున్నారు. వీ-స్ట్రామ్ అయితే ఆ పన్ను తగ్గింపు మీకూ కలిసొస్తుంది. ఇన్సూరెన్స్‌లోనూ ఇదే గీత: 2022 జూన్ నాటి రేట్లలో కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం 150 దాటి 350 సీసీ వరకు 7,365 రూపాయలు, 350 దాటితే 15,117. పొట్టి సీటు, క్రాష్ గార్డు, ర్యాక్ ధరలు కూడా ముందే రాయించుకోండి. రెండున్నర లక్షల్లో హిమాలయన్ బిగుతుగా ఉంటుంది, వీ-స్ట్రామ్‌కు చేతిలో మిగులుతుంది.

షోరూంలో మొదట ఎక్స్ఛేంజ్ మాట ఎత్తకుండా కొత్త బండి ఆన్‌రోడ్ ధర, తగ్గింపు కాగితం మీద రాయించుకోండి. ఆ తర్వాతే పాత బండి చూపించండి. లేకపోతే ఎక్స్ఛేంజ్ బోనస్ పేరుతో ఐదు వేలు ఇచ్చి తగ్గింపులో అదే ఐదు వేలు కోస్తారు. పాత బండ్లు కొనే ఇంకో ఇద్దరి దగ్గర కూడా ధర అడగండి. అమ్మబోయే బండికి కొత్త టైర్లు వేయించకండి, ఆ డబ్బు తిరిగి రాదు. బ్యాటరీ, బ్రేకు ప్యాడ్లు సరిగా ఉండి, చైన్ శుభ్రంగా ఉంటే చాలు. చప్పుడు చేసే సైలెన్సర్ బిగించుకుని ఉంటే కంపెనీది మళ్లీ వేయండి. రెండు తాళాలు, సర్వీస్ పుస్తకం, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి, పెండింగ్ చలాన్లు ముందే కట్టేయండి.

ఫైనాన్స్ తీరిందన్నారు, మరి ఆర్సీ మీద ఆ బ్యాంకు పేరు తీయించారా? వాయిదాలు అయిపోయినంత మాత్రాన అది దానంతట పోదు. బ్యాంకు నుంచి బాకీ లేదన్న ఎన్‌ఓసీ, సంతకం చేసిన ఫారం 35 తీసుకుని ఆర్టీఏలో స్లాట్ బుక్ చేసుకోవాలి. ఇది లేకుండా బండి ఎవరి పేరు మీదికీ మారదు, అదే సాకుతో ధర ఇంకో నాలుగైదు వేలు కోస్తారు.

ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ), బండిది కాదు, మీది. మొదటి ఏడాది 20 శాతంతో మొదలై, వరసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50 దాకా వెళ్తుంది, ఓన్ డ్యామేజ్ (సొంత బండికి జరిగే నష్టం) ప్రీమియం మీద. బండి అమ్మాక ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఎన్‌సీబీ సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్ల లోపు కొత్త బండికి వాడుకోవచ్చు. పాత పాలసీ గడువు ముగిసి 90 రోజులు దాటితే మాత్రం పోయినట్టే.

పాత బండి అప్పగించేటప్పుడు పేరు మార్చడానికి వాడే ఫారం 29, 30 ఖాళీగా ఉండగా సంతకాలు పెట్టి చేతులు దులుపుకోవద్దు. కొనేవారి పేరు, తేదీ నింపాకే సంతకం చేయండి, ఫోటో తీసి ఉంచుకోండి. పేరు మారేదాకా ప్రమాదం జరిగితే ఆర్సీలో ఉన్నవారే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. తీసుకునేది అధీకృత డీలరైతే ఫారం 29సి ద్వారా బండి డీలరు చేతికి వెళ్లినట్టు రవాణా శాఖకు ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. ఆ రసీదు చేతికి వచ్చాకే రెండో తాళం ఇవ్వండి.